ఒక్క ఘోడా, పది పనులు

పెళ్ళిళ్ళ సీజన్ ఊపందుకునేలోపు మా తమ్ముడు కొత్త గుర్రం కొనాలి. సగం పైసలు తనవి, సగం నావి. సింగరేణిలో రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలో ఇంటి మరమ్మతు, చిన్నబిడ్డ నికాహ్ పోగా మిగిలిన రెండు లక్షలు తనకు కర్జె హసనాగా ఇస్తానని జుబాన్ ఇచ్చాను. అందుకే ఏ ఘోడా కొనాలన్న మష్వరాలో నాకూ ఒక కుర్సీ దొరికింది.

మందమర్రి మార్కెట్ నుంచి ఇటు రామకృష్ణాపూర్, అటు బెల్లంపల్లి దాకా బరాత్‌కు ఘోడా కావాలంటే జనం మా తమ్ముడికే ఫోన్ చేస్తారు. ముస్లిం షాదీ, హిందూ పెళ్ళి అన్న తేడా లేదు. పదమూడేళ్ళుగా ఒకే ఆడగుర్రం, పేరు మోతీ. రంగు నుక్రా, అంటే వెంట్రుకే కాదు, లోపలి చర్మం కూడా గులాబీగా ఉండే తెలుపు. దూల్హా కళ్ళకు సెహ్రా అడ్డం, వెనక పెద్ద డీజే, ముందు పటాకుల లడీ. జిందగీలో ఎన్నడూ గుర్రమెక్కని మనిషి వీపు మీద వణుకుతూ కూర్చుంటే, అతని ముందు షహ్‌బాలా పిల్లాడు జూలు పట్టుకుని గుంజుతుంటే, మోతీ మాత్రం చెవులు కొద్దిగా వెనక్కి పెట్టి అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంది. దానికిప్పుడు పంతొమ్మిదేళ్ళు. వెనక కీళ్ళు బిగుసుకుంటున్నాయి. నాల్‌బంద్ వచ్చినప్పుడు కాలు ఎత్తి పట్టుకోనివ్వడం లేదు.

తమ్ముడి దిల్ ఒక మార్వాడీ నుక్రా మీద ఉంది. నాచ్ నేర్చిన గుర్రం. ఢోల్ మోగగానే ముందుకాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తుంది, వీడియోల్లో మెరిసిపోతుంది. నాచే ఘోడాకు బుకింగ్ రేటు ఎక్కువ, ఇది మార్కెట్లో అందరికీ తెలిసిన మాట. ఇంటర్ సెకండియర్ చదివే తమ్ముడి బిడ్డ షౌక్ వేరు. ఫజర్ తర్వాత మోతీ మీద ఖాళీ గోనె సంచి వేసుకుని, జీను కూడా లేకుండా, గ్రౌండు చుట్టూ దుల్కీ చాల్‌లో తిప్పుతూ పెరిగిన పిల్ల. ఒకరోజు ఫోన్ పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "బడే అబ్బా, ఇదొక్కసారి చూడండి. ఒకే గుర్రం అన్ని పనులూ చేస్తదంట."

అది అమెరికా మోర్గాన్ జాతి గుర్రం.

నాకు ఆ కిస్సా బాగా నచ్చింది. జాతులన్నిటికీ ఏవో రాజుల కథలుంటాయి కదా, దీనిది మాత్రం బాకీ కథ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వెర్మాంట్ రాష్ట్రంలో జస్టిన్ మోర్గాన్ అనే ఉస్తాద్ ఉండేవాడు. బడిలో చదువు, ఊళ్ళో సంగీతం నేర్పేవాడు, ఆమ్‌దనీ అంతంత మాత్రం. రావలసిన కర్జా కింద ఎవరో ఆయనకు ఒక గుర్రప్పిల్లను ఇచ్చారని చెప్పుకుంటారు. అది 1789లో పుట్టిన కుమైత్ రంగు మగపిల్ల. పేరు ఫిగర్. ఎదిగాక కూడా భుజం దగ్గర ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలకు అటూ ఇటే. చూసినవాళ్ళు ఇదేం గుర్రం అని నవ్వి ఉంటారు. అది పగలంతా అడవి కొట్టిన నేలలో దుంగలు లాగేది, పొలం దున్నేది, సాయంత్రం పందేల్లో పరిగెత్తేది, ఆదివారం బగ్గీకి కట్టేవారు, మిగతా రోజుల్లో సవారీ. పెద్ద గుర్రాలు కదిలించలేని దుంగను ఇది లాగేసిందన్న కథ ఆ దేశంలో ఇప్పటికీ నడుస్తోంది. ఉస్తాద్ 1798లో క్షయతో పోయాడు. ఫిగర్ తర్వాత చేతులు మారుతూ 1821 దాకా బతికింది. దాని మగపిల్లల్లో షెర్మన్, బుల్‌రష్, వుడ్‌బరీ అనే మూడింటి సంతానం నుంచే జాతి నిలబడింది. మనుషుల్లో ఖాందాన్ పేరు తాత మీద పడినట్టు, ఆ గుర్రాలకు మాజీ యజమాని పేరు పడింది.

తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో వెర్మాంట్ అశ్వదళం మోర్గాన్‌ల మీదే వెళ్ళింది. 1907లో అక్కడి సర్కార్ ఫౌజు కోసం వీటిని పెంచడానికి వేబ్రిడ్జ్‌లో ఒక ఫారం పెట్టింది. 1951లో దాన్ని వెర్మాంట్ యూనివర్సిటీకి అప్పజెప్పారు. ఈ రోజుకీ జాతి కొలత పెద్దగా మారలేదు, భుజం దగ్గర సుమారు 57 నుంచి 62 అంగుళాలు. తక్కువ మేతతో ఒళ్ళు నిలబెట్టుకుంటుంది. రంగుల్లో ఎక్కువ కుమైత్, ముష్కీ, సురంగ్. అసలు సంగతి దాని మిజాజ్. మనిషి ఏం అడుగుతున్నాడో వినడానికి ఇష్టపడే జానవర్ అని దాన్ని పెంచేవాళ్ళందరి మాట.

మా బిడ్డకు అది ఎందుకు కావాలంటే, ఈవెంటింగ్ అనే పోటీ కోసం. మనలో చాలామందికి గుర్రం అనగానే మలక్‌పేట్ రేసులే గుర్తొస్తాయి కాబట్టి రెండు మాటలు చెప్తాను. ఈవెంటింగ్‌లో ఒకే గుర్రం, ఒకే సవార్ మూడు ఇమ్తిహాన్‌లు ఇవ్వాలి. మొదటిది డ్రెసాజ్. నిర్ణీత మైదానంలో ఖదం, దుల్కీ, దౌడు, మలుపులు, ఆగడం అన్నీ సవార్ చేతి సైగ కూడా కనబడనంత నెమ్మదిగా చేసి చూపించాలి. రెండోది క్రాస్ కంట్రీ. బయలు నేలలో దుంగలు, కందకాలు, నీళ్ళు దాటుకుంటూ టైముకు చేరాలి. మూడోది మైదానంలో రంగు కర్రల మీద నుంచి దూకడం. నిన్న అంత పరిగెత్తిన గుర్రానికి ఈ రోజు కర్ర తగలకుండా దూకే ఓపిక మిగిలిందా అని చూస్తారు. ఇది మొదట్లో ఫౌజీ ఘోడాలకు పెట్టిన పరీక్ష. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో చేరింది, అప్పుడు ఫౌజీ అఫ్సర్లకు మాత్రమే. 1964 టోక్యో నుంచి ఈవెంటింగ్‌లో ఆడవాళ్ళూ దిగుతున్నారు. విడిగా మహిళల విభాగం లేదు, మగా ఆడా ఒకే మైదానంలో ఒకే లెక్కన. ఈ మాట విని మా బిడ్డ కళ్ళు మెరిశాయి.

మన దేశానికి ఈ ఆటలో చరిత్ర లేదనుకోకండి. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో రఘుబీర్ సింగ్ షహజాదా అనే గుర్రం మీద బంగారు పతకం గెలిచాడు, గులాం మొహమ్మద్ ఖాన్ వెండి తెచ్చాడు, టీం పతకం కూడా బంగారమే. 1996 అట్లాంటాకు ఇంద్రజిత్ లాంబా, 2000 సిడ్నీకి ఇంతియాజ్ అనీస్ వెళ్ళారు. మన పక్క బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా 2018 జకార్తాలో వ్యక్తిగత వెండి, టీం వెండి రెండూ తెచ్చి, టోక్యో ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్ళి 23వ స్థానంలో నిలిచాడు.

ఇక్కడే నేను బిడ్డకు ఒక మాట చెప్పవలసి వచ్చింది. ఫవాద్ ఎక్కిన సెన్యోర్ మెడికాట్ జర్మనీ గుర్రం, దూకుడు కోసమే తరాలుగా పెంచిన వార్మ్‌బ్లడ్. ఆ ఎత్తుకు వెళ్ళాక మోర్గాన్‌లు కనబడవు. పైస్థాయి క్రాస్ కంట్రీకి పొడుగు కాళ్ళు, పొడుగు అంగ, థరోబ్రెడ్ ఊపిరి కావాలి. మోర్గాన్ కింది మెట్ల మీద, నేర్చుకునేవాళ్ళ కింద, ఇంటిల్లిపాదికీ పనికొచ్చే గుర్రం. ఆ జాతిలోనే ప్రదర్శనల కోసం మోకాళ్ళు ఎత్తి నడిచేలా పెంచినవి కొన్ని, సవారీ కోసం పెంచినవి కొన్ని ఉంటాయి. కొనేవాడు ఆ ఫరఖ్ తెలుసుకోవాలి.

"మరి నేర్చుకునేదే కదా నేను?" అంది పిల్ల. దానికి జవాబు నా దగ్గర లేదు.

మోర్గాన్‌ను మందమర్రికి తేవడం మా ఏడు తరాల వల్ల కాదు. విమానం, క్వారంటైన్, సర్కారీ ఇజాజత్‌లు, ఆ తర్వాత మంచు దేశపు గుర్రాన్ని మన రోహిణి కార్తెలో బొగ్గు గనుల పక్కన నిలబెట్టడం! ఆ సంగతి బిడ్డకూ తెలుసు. తను అడుగుతున్నది ఆ జాతిని కాదు, ఆ మిజాజ్ ఉన్నదాన్ని.

అప్పటి నుంచి ఇంట్లో బహస్ మొదలైంది. మా ముందున్నవి ఏమిటి? ఒకటి, తమ్ముడి మార్వాడీ. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తాకే ఆ అందాన్ని నేను ఇన్కార్ చేయను. రెండు, మలక్‌పేట్ రేసుల నుంచి దిగిపోయిన థరోబ్రెడ్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1886లో రేసుల్ని మౌలాలీ నుంచి మలక్‌పేట్‌కు తెచ్చాడు. పరుగు తగ్గిన గుర్రాలు చిన్న వయసులోనే బయటికొస్తాయి, తక్కువ కీమత్‌కు కూడా దొరుకుతాయి. సిటీలో సవారీ నేర్పే కొన్ని చోట్ల ఎక్కిస్తున్నవి అవే. కానీ చిన్నప్పటి నుంచి దానికి నేర్పిన సబక్ ఒక్కటే, గేటు తెరవగానే దౌడు. ఓపికగా నెలల తరబడి మళ్ళీ నేర్పితే ఈవెంటింగ్‌కు అదే బలమైన గుర్రం అవుతుంది. నేర్పేవాడు మా ఊళ్ళో ఎవడు? మొదటి పటాకు పేలగానే దూల్హాను మంచిర్యాల దాకా తీసుకుపోతే ఆ నికాహ్ చదివించేదెవరు?

మూడోది ఎవరూ పట్టించుకోనిది. కాఠియావాడీ రక్తం కాస్త, దేశీ రక్తం కాస్త కలిసిన మధ్యరకం ఘోడీ. భీమా నది ఒడ్డున ధన్‌గర్ గొర్రెల కాపర్లు సామాన్లు మోయించుకునే భీమ్‌థడీ గుర్రాలున్నాయి కదా, దక్కన్ గుర్రాలని పేరు. ఒకప్పుడు మరాఠా ఫౌజులు తిరిగింది వాటి మీదే. వాటికి ఈ మధ్య ప్రభుత్వం ప్రత్యేక జాతిగా గుర్తింపు ఇచ్చింది. పొట్టివి, గట్టివి, ఏది పెడితే అది తింటాయి. మన దక్కన్‌కు మోర్గాన్ లాంటిది ఉంటే అదే అని నాకనిపిస్తుంది. అయితే పెద్దమనిషి బరువుకు, బరాత్ హుందాతనానికి ఇంకాస్త ఎత్తు కావాలి, అందుకే కలిసిన రక్తం.

తమ్ముడు ఒప్పుకోలేదు. "భాయ్, కుమైత్ ఘోడా మీద దూల్హా ఎక్కుతాడా? జనం నక్కో అంటరు. నుక్రా కావాలి, నాచ్ కావాలి. నా రోజీ అది." తన మాటలో న్యాయం లేకపోలేదు. రోజీ రోటీ మాట వచ్చాక షౌక్ కబుర్లు చెప్పడం పెద్దన్నకు సులువు.

నేను అడ్డం పడ్డది నాచ్ దగ్గర. నాచే ఘోడాను తయారుచేసే పద్ధతి మీలో చాలామంది చూసి ఉండరు. దాని నోట్లో పెట్టే లగాంకు లోపలివైపు ములుకులుంటాయి, కాంటేదార్ లగాం అంటారు. పైకి లాగితే నొప్పికి తల ఎత్తుతుంది, ముందుకు పోనివ్వరు, కాళ్ళు అక్కడికక్కడే ఎత్తి వేస్తుంది. మనం దాన్ని ఖుషీ అనుకుని నోట్లు విసురుతాం. బరువు లాగే, మోసే జంతువుల గురించి 1965లో వచ్చిన కేంద్ర నియమాల్లోనే ఈ ములుకుల లగాం నిషేధం. అయినా బరాత్‌లలో కనబడుతూనే ఉంది. అలా ఒకసారి నోరు చెడిన గుర్రం సవార్ చేతిని నమ్మదు. డ్రెసాజ్‌లో కావలసింది సరిగ్గా దాని ఉల్టా, చేతిలో లగాం నూలుపోగంత బరువుగా ఉండాలి. అంటే తమ్ముడి కోరికా, బిడ్డ కోరికా ఒకే నోట్లో ఇమడవు. పటాకులకు బెదరకపోవడం, కొత్తవాణ్ణి ఓర్చుకోవడం, గుంపులో నిలబడడం మాత్రం రెండు పనులకూ కావాలి. క్రాస్ కంట్రీలో గొడుగు పట్టుకున్న ప్రేక్షకుణ్ణి చూసి బెదిరిపోయే ఖరీదైన గుర్రాలుంటాయి. మోతీ ముందు డీజే లారీ పేలిపోయినా రెప్ప వేయదు. సగం ఈవెంటింగ్ అక్కడే గెలిచినట్టు.

నా షర్తు అదే పెట్టాను. పైసలు కావాలంటే కాంటేదార్ లగాం మన షెడ్డులోకి రాకూడదు, నాచ్ గుర్రం కొనకూడదు. రంగు తమ్ముడి ఇష్టం. తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు. మరదలు చాయ్ ఇచ్చి, "భాయ్, నాచ్ బుకింగ్‌లు పోతే బిడ్డ కాలేజీ ఫీజు ఎట్ల కట్టాలె?" అని మెల్లగా అడిగింది. ఆ సవాల్ కూడా సహీ. ఆ లెక్క కూర్చుని వేశాం. మార్వాడీకి పెట్టే కీమత్ కంటే దేశీ ఘోడీకి పెట్టేది బాగా తక్కువ. మిగిలిన పైసలతో ఒక మంచి జీను, పాత బగ్గీకి కొత్త చక్రాలు వస్తాయి. బగ్గీ ఉంటే పెళ్ళిళ్ళు కాకుండా స్కూల్ ఫంక్షన్లు, షోరూం ఓపెనింగులు కూడా వస్తాయి. నాచ్ రాని గుర్రం బగ్గీ లాగుతుంది, నాచే గుర్రాన్ని బగ్గీకి కట్టే ధైర్యం తమ్ముడికే లేదు. ఆ మాటకు మరదలు మొదట నవ్వింది, తర్వాత తమ్ముడు.

అమ్మీ అభ్యంతరం ఇంకోటి. ఆడపిల్లకు ఘోడా ఆటలేంటి, రేపు రిష్తాలు వచ్చేవాళ్ళు ఏమంటారు అని. ఈ మాట ఇంకా చాలా ఇళ్ళల్లో ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. గుర్రం విషయంలో మన దీన్‌లో ఎంత ఇజ్జత్ ఉందో అమ్మీకి నేను చెప్పనక్కర్లేదు. పరిగెత్తే గుర్రాల మీద ఒట్టుతో మొదలయ్యే సూరా ఆదియాత్ ఆమెకు నోటికొచ్చు. దక్కనీ చిత్రాల్లో చాంద్ బీబీ చేతి మీద డేగతో గుర్రమెక్కి కనిపిస్తుంది, అదీ చూపించాను. అవేవీ పని చేయలేదు. పని చేసింది కేరళ బిడ్డ నిదా అంజుమ్. 2023లో ఫ్రాన్స్‌లో జరిగిన యువ సవార్ల ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీలో ఎప్సిలాన్ సలూ అనే గుర్రం మీద 120 కిలోమీటర్లు పూర్తి చేసింది. మరుసటి ఏడాది పెద్దల పోటీలో 160 కిలోమీటర్లు. అమ్మీ ఆ ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసి, "యా అల్లా, నూటా అరవై కిలోమీటర్లా! ఇక్కడి నుంచి పోతే యాడికి చేరతది?" అని అడిగింది. తమ్ముడు జగిత్యాల దాటి పోతదన్నాడు. ఆమె ఇంకేం అనలేదు. మరునాడు బిడ్డకు సవారీకి పనికొచ్చేలా పాత సల్వార్ల కుట్లు రెండేసి వేసి ఇచ్చింది.

పైసలు అమ్మీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చలికాలంలో నాందేడ్ జిల్లా లోహా తాలూకా మాలేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది, గుర్రాల సౌదాకు పేరున్న జాతర. నాసిక్ దగ్గరి మాలేగావ్ కాదు, జాగ్రత్త. మేము నిర్మల్, భైంసా మీదుగా వెళ్తున్నాం, నాందేడ్‌లో మా ఖాలా ఇంట్లో దిగుతాం. కొనాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని మేం అనుకున్నవి చెప్తాను. దలాల్ వయసు చెప్తే వినం, నోరు తెరిచి పళ్ళు చూస్తాం. ఐదేళ్ళకు పాలపళ్ళన్నీ పోయి ముందుపళ్ళు పూర్తిగా వచ్చేస్తాయి, ఆ తర్వాతి ఏళ్ళు అరుగుదలను బట్టి తెలుస్తాయి. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ మధ్యది కావాలి. పెదవుల మూలల్లో, నాలుక మీద పాత గాయాల గుర్తులు ఉంటే అక్కడికే సలాం. నేల మీద దుల్కీ నడిపించి తల ఎక్కడ ఊగుతుందో చూస్తాం. ముందుకాలు నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలకు ఆనగానే తల పైకి ఎత్తుతుంది. డెక్కల మీద అడ్డం గీతలు, పగుళ్ళు, చేత్తో తాకితే వేడి. ముక్కు నుంచి చిక్కని కారుడు ఉంటే దగ్గరికి కూడా పోం. గ్లాండర్స్ మనుషులకూ అంటుకునే బీమారీ, ఉందని తేలితే గుర్రాన్ని చంపక తప్పదు. రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాకుండా బయానా కూడా ఇవ్వం.

సుడుల గురించి మాత్రం మా ఇంట్లో ఫైసలా కాలేదు. నుదుట సుడి ఇక్కడుంటే బర్కత్, అక్కడుంటే నష్టం అని పాత ఫరస్‌నామాల నిండా ఉంటుంది. రంగీన్ అనే ఉర్దూ షాయర్ గుర్రాల మీద రాసిన ఫరస్‌నామాలోనూ ఈ సుళ్ళ లెక్కలున్నాయి. నేను నమ్మను. తమ్ముడు నమ్ముతాడు, నమ్మకపోయినా కస్టమర్లు నమ్ముతారంటాడు. మంచి మిజాజ్ ఉన్నదాన్ని సుడి పేరుతో తక్కువకు అమ్ముతుంటే మనకు ఫాయిదాయే కదా అని బిడ్డ తేల్చింది.

కొనేముందు తనే ఎక్కి ఒక గంట తిప్పుతానని కూడా అంది. జాతరలో అంతమంది మగవాళ్ళ మధ్యా అని తమ్ముడు గుణిగాడు కానీ వద్దనలేదు.

మోతీని మార్పిడి కింద తీసుకుంటామని ఒక వ్యాపారి ఫోన్ చేశాడు. పంతొమ్మిదేళ్ళ గుర్రాన్ని ఎవరు ఎందుకు తీసుకుంటారో తమ్ముడికీ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్ పెట్టేసి షెడ్డులో కొలతలు తీసుకున్నాడు. రెండు గుర్రాలు నిలబడాలంటే బొగ్గు బస్తాలు పెట్టే మూల ఖాళీ చేయాలి. నిన్న ఇద్దరం కలిసి ఖాళీ చేశాం. ఉలవలు నెలకు ఎన్ని కిలోలు ఎక్కువ పడతాయో మరదలు కిరాణా పుస్తకం వెనక రాసి పెట్టింది.